పెన్ను గుమ్మం దాటదు

రెండింటికి వెళ్ళమన్నాడు వకీలు. ఉడుము పదకొండింటికే వెళ్ళింది.

"పొద్దున పూట ఆ రికార్డు ఆఫీసులో ఇసకేస్తే రాలదమ్మా. భోజనాలయ్యాక వెళితే ఖాళీగా ఉంటుంది. సర్టిఫైడ్ కాపీ తీసుకుని నాలుగింటికి కోర్టుకి వచ్చెయ్యండి, మిగతాది నేను చూసుకుంటా," అని ముందురోజు ఫోనులో నచ్చజెప్పాడు. మంచి సలహాయే. కానీ సొంత అన్న లాకప్పులో కూర్చుంటే భోజనాలయ్యేదాకా ఆగడం ఆమెవల్ల కాలేదు. పట్టిన పట్టు విడవదని ఉడుమని పేరు పెట్టింది ఆమెకు డిటెక్టివ్ పని నేర్పిన గురువుగారు. ఆ పేరే బోర్డు మీదికెక్కింది, ఆ పేరుతోనే బతుకుతోంది.

అన్నయ్య మేస్త్రి. కడుతున్న భవనంలో సెల్లారు స్లాబు కూలి ఒక కూలీ చనిపోయాడు. ప్లానులో సెల్లారు మధ్య పిల్లరుందనీ, స్టీలు మిగుల్చుకుని అమ్ముకోడానికి మేస్త్రి దాన్ని ఎగ్గొట్టాడనీ భవనం ఓనరు ఫిర్యాదు చేశాడు. "ప్లానులో పిల్లరే లేదు. ఇంత స్లాబుకి మధ్యలో పిల్లరు లేకపోతే ఎలాగండీ అని నోరు తెరిచి అడిగాను. గీసింది కట్టు, నీతులు చెప్పకు అన్నారు," అని అన్నయ్య మొత్తుకున్నాడు. సైటులో ఉన్న ప్లాను కాగితాలు రాళ్ళ కింద పడి గుజ్జయిపోయాయి. ఇక మిగిలింది ఒక్కటే. స్థానిక ప్రభుత్వం ఆమోదించి తన రికార్డు గదిలో దాచిన అసలు ప్లాను. అది ఎవరైనా చూడొచ్చు, ఎవరైనా కాపీ అడగొచ్చు. చట్టం ఆ హక్కు ఇచ్చింది. అందులో పిల్లరు లేకపోతే అన్నయ్య ఇవాళ బెయిలు మీద ఇంటికొస్తాడు. ఉందా, ఇంక ఎప్పుడొస్తాడో చెప్పడం కష్టం.

మెట్లెక్కుతుండగా వదిన ఫోను.

"నేను కోర్టుకొచ్చేశాను," అంది వదిన.

"ఇప్పుడేనా? నాలుగింటికి కదా వదినా!"

"ఇంట్లో కూర్చుంటే గోడలు మీద పడేట్టున్నాయి. ఇక్కడైతే గోడలు ప్రభుత్వానివి, పడితే వాళ్ళే చూసుకుంటారు. మన వకీలు మాత్రం ఎక్కడా కనపడలేదు."

"కోర్టంటే ఒక్క గదా? ఏ హాల్లోనో వాదిస్తుంటాడులే."

"వాదిస్తాడో కొరుకుతాడో! వకాల్తా మీద సంతకం పెట్టమని పెన్నిచ్చాడు చూడు, దాని మూత చెరకు పిప్పిలా నమిలి ఉంది. అప్పుడే అనుకున్నా, ఈయనకి కంగారెక్కువని. నువ్వు మాత్రం ఆ కాగితం లేకుండా రాకు, ఆడపడుచూ."

"రాను," అంది ఉడుము.

వరండా గోడంతా ఒకటే పొడవాటి బోర్డు. కొత్తగా కట్టబోయే భవనాల ప్లాన్లు వరసగా గుచ్చి ఉన్నాయి. ముప్పై రోజుల్లోగా ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పుకోవచ్చని పైన నోటీసు. ఒక ముసలాయన ముక్కు కాగితానికి ఆనించి, గీతల వెంట వేలు నడిపిస్తున్నాడు.

"చూడమ్మా, మా కిటికీకి ఎదురుగా వీడి మరుగుదొడ్డి!" అన్నాడు పక్కన ఎవరున్నారో చూడకుండానే.

"అభ్యంతరం రాయండి బాబాయ్."

"రాస్తా. కిటికీలున్న ప్రతివాడి చేతా రాయిస్తా."

ఆ కోపానికి ప్లాను మూల ఒకటి ఊడి వేలాడింది. ఉడుము గుండుసూదిని బొటనవేలితో మళ్ళీ నొక్కింది. వేలికి కాస్త తుప్పు అంటింది. చీరకొంగుకి తుడుచుకోబోయి, మనసొప్పక వదిలేసి లోపలికి నడిచింది.

"పెన్ను ఇటివ్వండి," అన్నాడు రికార్డు గది గుమ్మం దగ్గర కాపలాదారు.

"ఎందుకు?"

"పెన్ను, ఫోను, సంచి, గొడుగు, ఏదీ ఈ గుమ్మం దాటదు. రాసుకోడానికి పెన్సిలు మేమే ఇస్తాం. పాత కాగితం మీద పెన్ను గీత పడితే ఆ పాపం ఎవరు కడుగుతారు? వెళ్ళేటప్పుడు తీసుకోండి. వెళ్ళేటప్పుడు తనిఖీ కూడా ఉంటుంది, ఏమీ అనుకోకండి."

పక్కన అరలు కొట్టిన చెక్కపెట్టె ఉంది. తన పెన్ను, ఫోను ఒక అరలో పెట్టి బిళ్ళ తీసుకుంది. అప్పటికే రెండు అరల్లో రెండు పెన్నులున్నాయి. ఒకటి పసుపు మూతది. రెండోది నల్లటి లావుపాటి పెన్ను, నడుముకి బంగారు పట్టీ. దాన్ని చూడగానే ఆమె కళ్ళు చిన్నవయ్యాయి. ఆరేళ్ళు రోజూ ఒకాయన జేబులో చూసిన పెన్ను అది. అడిగినా ఎవరికీ ఇచ్చేవాడు కాదు. ఈయన కూడా వచ్చాడన్నమాట!

నల్ల పెన్ను చూసిన కంగారులో పసుపు మూతను వదిలేసింది. ఆ రోజు ఆమె చేసిన తప్పు అదొక్కటే.

లోపల రెండు పొడుగాటి బల్లలు, ఒక కౌంటరు, వెనక అరలు. ఎడమ పక్క గోడకి ఒక దళసరి చెక్క తలుపు, దానిమీద 'పెద్ద పటాల గది' అని పలక. ఇసకేస్తే రాలనంత జనమన్నాడా వకీలు? బయట బల్లల దగ్గర ఉన్నది ఒకే ఒక్క మనిషి. మనిషికంటే ముందు మీసాలు కనిపిస్తాయి.

"రామ్మా ఉడుమూ," అన్నాడు గురువుగారు. "వస్తావని తెలుసు. ఇంత పొద్దున్నే వస్తావనుకోలేదు."

"మీరు ఓనరు తరఫునా గురువుగారూ?"

"ఫీజిచ్చినవాడి తరఫున. నువ్వు?"

"అన్నం పెట్టినవాడి తరఫున. నాన్న పోయాక నన్ను చదివించింది ఆ మేస్త్రే."

"అదే నీ జబ్బు. అన్న కోసం చెల్లెలు చేసేది పరిశోధన కాదమ్మా, పక్షపాతం."

"డబ్బు కోసం చేస్తే?"

"వృత్తి," అన్నాడాయన మీసం మీద వేలు పెట్టి. "ఇద్దరం ఒకే ఫైలు అడిగాం. గుమాస్తా తెస్తున్నాడు. సర్టిఫైడ్ కాపీ తీసుకెళ్ళడమే నా పని. చూద్దాం, కాగితం ఎవరి పక్షమో."

గుమాస్తా సన్నటి మనిషి. మెడలో దారానికి కళ్ళజోడు, మోచేతులకి తొడుగులు. ఫైలు కౌంటరు మీద పెట్టి, తడి స్పాంజికి వేలద్ది, కాగితాలు పైకే లెక్కపెట్టాడు. అట్ట మీద అంకె, తన లెక్క సరిపోయాక గానీ ముడి వదల్లేదు.

"ప్రతిసారీ లెక్కపెడతారా?" అంది ఉడుము.

"ఇచ్చేముందోసారి, తీసుకున్నాకోసారి. ఒక్క కాగితం తగ్గితే గుమ్మం మూసేస్తాం. నేను వచ్చాక ఒక్కటీ తగ్గలేదు," అన్నాడు గుమాస్తా, వీళ్ళిద్దరూ ఇప్పుడే తగ్గించబోతున్నట్టు చూస్తూ.

ప్లానుని బల్ల మీద పరిచి మడతలు విప్పాడు. సెల్లారు నడిమధ్య చక్కటి చదరం, దానికి నాలుగు కొలతలు.

పిల్లరు ఉంది.

ఉడుము మళ్ళీ చూసింది. బల్ల అంచు పట్టుకుంది. అన్నయ్య అబద్ధమాడాడా? చిన్నప్పుడు తన బంతి ఎదురింటి అద్దం పగలగొడితే, అడక్కుండానే వెళ్ళి తన పేరు చెప్పుకొచ్చిన మనిషి! అయినా ఎదురుగా కాగితం ఉంది. ముద్ర ఉంది, సంతకం ఉంది, తేదీ ఉంది. వకీలు అడిగిన సర్టిఫైడ్ కాపీ ఇదే. తన చేత్తో తీసుకెళ్ళి కోర్టులో పెడితే, అన్నకి సంకెళ్ళు చెల్లెలే తొడిగినట్టవుతుంది.

ఆ క్షణంలో ఆమె గురువుగారి వైపు చూసింది. గెలిచినవాడు మీసం తిప్పాలి కదా. ఆయన వేలు మీసం మీదే ఆగిపోయింది.

"కాపీ వేయించమంటారా?" అన్నాడు గుమాస్తా. "ఇద్దరికీ ఒకేసారి వేయించేస్తా."

"ఆగండి," అంది ఉడుము.

కాగితం మీద రాసింది తర్వాత, ముందు కాగితాన్ని చదువు. ఈ మాట నేర్పింది పక్కన నిలబడ్డ మీసాలే. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. ముద్ర చూసింది, బాగానే ఉంది. ముద్రలదేముంది, డబ్బు పారేస్తే బజార్లో చెక్కిస్తారు. మడతలు చూసింది. మడతలు కొత్తగా లేవు గానీ, నలిగి నలిగి మెత్తబడ్డ మడతలూ కావు. మూలలు చూసింది. చదునుగా, శుభ్రంగా ఉన్నాయి. వేలు పెట్టి తడిమింది. తెల్లటి మూల మీద గోధుమరంగు మరక పడింది.

"అమ్మా! చేతులు కడుక్కు రావాల్సింది!" గుమాస్తా ప్రాణం పోయినంత పని చేశాడు.

ఉడుము తన బొటనవేలి వైపు చూసుకుంది. బయట బోర్డు దగ్గర అంటిన తుప్పు.

"తిట్లు తర్వాత తింటాను," అంది మెల్లగా. "ఒక్కటి చెప్పండి. వరండాలో బోర్డు మీద గుచ్చే ప్లాన్లు కాపీలా, అసలువా?"

"కాపీలెక్కడివండీ, కాగితాల బడ్జెట్టు మీకు చెప్పుకోవాలి! అసలుదే గుచ్చుతాం. ముప్పై రోజులయ్యాక దించి, ముద్రేసి, ఫైల్లో పెడతాం."

"ఏ ప్లానుకీ మినహాయింపు లేదా? పెద్దవాళ్ళవి?"

"మా ఆఫీసరుగారి సొంతింటి ప్లానే వేలాడిందండీ. మూడు అభ్యంతరాలొచ్చాయి. రెండు ఆయన బావమరిదివే."

"అయితే ఈ ప్లాను కూడా ముప్పై రోజులు బోర్డు మీద ఉండాలి. నాలుగు మూలలా గుండుసూదులతో."

"ఉండాలేమిటి, ఉంది. ఇదిగో, దించిన తేదీ కూడా..."

"మరి చిల్లులేవి?"

గుమాస్తా కళ్ళజోడు పెట్టుకున్నాడు. కాగితం ఎత్తి కిటికీ వెలుగుకి పట్టాడు. ఒక మూల, రెండో మూల. తిరగేసి మళ్ళీ చూశాడు. ఎక్కడా వెలుగు చుక్క లేదు. వెనక్కెళ్ళి చేతికందిన మూడు ఫైళ్ళు తెచ్చి, మూడు ప్లాన్లు విప్పాడు. మూడింటికీ నాలుగేసి చిల్లులు, ఒక్కో చిల్లు చుట్టూ తుప్పు ఉంగరం.

"అంటే ఇది..." ఆయన కళ్ళజోడు తీసేశాడు.

"మీది కాదు. ఎవరో ఒకటి లోపల పెట్టి, ఒకటి బయటికి తీశారు. అందుకే మీ లెక్క తగ్గలేదు."

అని గురువుగారి వైపు తిరిగింది.

"మీరు ఈ ఫైలు ఇంతకు ముందు చూశారు."

"ఎవరు చెప్పారు?"

"మీ మీసం చెప్పింది. పిల్లరు కనపడగానే సంతోషపడాల్సింది మీరు, ఉలిక్కిపడ్డారు. ఎప్పుడు చూశారు?"

"క్లయింటు పని బయటపెట్టే అలవాటు నాకు లేదు."

"సరే. అయితే నాకు తెలిసింది నేను చెబుతాను. ఓనరు మనిషి ఒకడు ముందే వచ్చి ఫైలు చూశాడు. ఆ తర్వాత ప్లాను మారింది. పోలీసులొచ్చి మార్చిందెవరని అడిగితే నేను ఎవరి పేరు చెప్పాలి గురువుగారూ? నాకు తెలిసిన ఓనరు మనిషి ఒక్కరే ఉన్నారు."

"నోరు జారకు!" ఆయన అరచేత్తో బల్ల చరిచాడు. "నేను దొంగనా? పాతికేళ్ళ సర్వీసులో..."

"దొంగ కాకపోతే సాక్షి. మూడోది లేదు. ఏదో ఒకటి మీరే తేల్చుకోండి."

గుమాస్తా ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తున్నాడు. గురువుగారు ఆ నాలుగు శుభ్రమైన మూలల్నీ ఒక్కొక్కటే వేలితో తడిమాడు. మాట్లాడినప్పుడు గొంతులో పౌరుషం దిగిపోయింది.

"నిన్న పొద్దున చూశాను. మధ్యలో పిల్లరు లేదు. మూలలకి చిల్లులున్నాయి, ఒకచోట చిల్లు చిరిగి మూల కాస్త వేలాడుతోంది కూడా. ఓనరు దగ్గరికెళ్ళి, అయ్యా మేస్త్రి చెప్పింది నిజం, మీ కేసు పోయింది, చనిపోయినవాడి ఇంటివాళ్ళతో రాజీకి రండి అన్నాను. నవ్వాడు. రేపెళ్ళి కాపీ తెండి, అప్పుడు మాట్లాడదాం అన్నాడు. ఆ నవ్వు ఎందుకో నాకప్పుడు తెలీలేదు."

"ఇప్పుడు?"

"ఇప్పుడు నాకు ఒళ్ళు మండుతోంది."

"మండనివ్వండి, పనికొస్తుంది," అంది ఉడుము. ఆమె అప్పటికే గుమాస్తా వైపు తిరిగింది. "నిన్న మధ్యాహ్నం ఈ ఫైలు ఎవరు చూశారు?"

"ఒకరు చూసింది ఇంకొకరికి చెప్పం అమ్మా. రూలు."

"ఈ గదిలో ఉన్న ప్రతి రికార్డూ అడిగినవాళ్ళకి చూపించాలి. అదీ రూలే కదా?"

"అవును."

"ఫైలు కావాలని జనం రాసిచ్చే చీటీలు ఏం చేస్తారు?"

"కట్టగట్టి దాస్తాం."

"దాచింది రికార్డు కాదా?"

గుమాస్తా చీటీల కట్ట వైపు చూశాడు. ఆయన ముఖంలో మొదట చిరాకు, తర్వాత అనుమానం, చివరికి చదరంగంలో ఎదుటివాడి ఎత్తు నచ్చినవాడి సంబరం కనిపించాయి.

"అప్లికేషన్ పెట్టాలి," అన్నాడు.

"పెన్సిలివ్వండి."

ఆమె రాసింది. 'నిన్నటి అప్లికేషన్లు చూడటానికి అప్లికేషన్.' గుమాస్తా దానిమీద ముద్ర కొట్టి మరీ కట్ట విప్పాడు. ఈ ఫైలు కోసం నిన్న రెండే చీటీలు. పొద్దునది గురువుగారిది. మధ్యాహ్నం చీటీ మీదున్న పేరు ఉడుము ఎప్పుడూ వినలేదు, గురువుగారూ వినలేదు. దొంగపేరే అయ్యుంటుంది. కానీ ఆ చీటీలో రెండు ఫైళ్ళున్నాయి. ఒకటి ఇది. రెండోది ఎప్పుడో కట్టిన మంచినీళ్ళ పంపుహౌసుది.

"పంపుహౌసుతో వాడికేం పని?" అన్నాడు గురువుగారు.

"ఏ పనీ లేదు. అసలు ప్లానుని బయటికి తీసుకెళ్ళలేడు, గుమ్మంలో తనిఖీ ఉంది. ఇదే ఫైల్లో ఉంచలేడు, తెరవగానే రెండు ప్లాన్లూ పక్కపక్కనే కనబడతాయి. బల్ల మీద ఇంకో ఫైలుంటే..." ఆమె గుమాస్తాని చూసింది. "నిన్న ఆ రెండు ఫైళ్ళూ తిరిగి తీసుకున్నప్పుడు రెండూ లెక్కపెట్టారా?"

గుమాస్తా చెవులు ఎర్రబడ్డాయి. "పిల్లరు ఫైలు లెక్కపెట్టాను. పంపుహౌసు ఫైలు కోసం కాపీ సెక్షన్ కుర్రాడు బండి పట్టుకుని నెత్తి మీద నిలబడ్డాడు, మూసే వేళయింది. నీళ్ళ శాఖవాళ్ళు కాపీలు అడిగారట. అట్నుంచటే ఇచ్చేశాను. పన్నెండింటికి వెనక్కొస్తుంది." కాస్త ఆగి అన్నాడు: "నిన్నటాయన కూడా దానికోసమే పొద్దున గది తెరవగానే వచ్చాడు. ఫైలు లేదంటే, వచ్చేదాకా ఉంటానన్నాడు."

"ఎక్కడ?"

గుమాస్తా గడ్డంతో ఎడమ పక్క తలుపు చూపించాడు. పెద్ద పటాల గది.

"తలుపెందుకేసి ఉంది?"

"చలిగా ఉందన్నాడు. లావుపాటి కోటు కూడా వేసుకొచ్చాడు, జ్వరమేమో పాపం."

ఫ్యాను కింద ఉన్నా ముగ్గురి మెడలూ చెమటతో తడిసి ఉన్నాయి. గురువుగారు అటు అడుగెయ్యబోయాడు. ఉడుము ఆయన మోచెయ్యి పట్టి ఆపింది.

"ఇప్పుడు తలుపు తీస్తే వాడొక జ్వరం మనిషి, అంతే. కాగితం దొరకనివ్వండి."

ఇంతలో బండి చక్రాల చప్పుడు. కాపీ సెక్షన్ నుంచి ఫైళ్ళు వచ్చాయి. పైనే పంపుహౌసుది.

"ముందు అడిగినవారికే ముందు ఇవ్వాలి," గుమాస్తా పెదాలు తడుపుకున్నాడు. "ఆయన చీటీ పొద్దున్నే పడింది."

"ఇవ్వండి. నేను అడ్డురాను. లెక్కపెట్టకుండా ఇస్తారా?"

"ఛస్తే ఇవ్వను!"

స్పాంజికి వేలద్దాడు. ఈసారి పైకి కాదు, పెదాల మధ్యే లెక్కపెట్టాడు. చివరి కాగితం దగ్గర వేలు ఆగింది. అట్ట మీద అంకె చూశాడు. మళ్ళీ మొదట్నుంచి. మళ్ళీ అదే.

"ఒకటి ఎక్కువుంది," అన్నాడు ఏడవబోయేవాడిలా. "తగ్గితే ఏం చెయ్యాలో రూలుంది. పెరిగితే ఏం చెయ్యాలో..."

మధ్యలో మడతపెట్టి దూర్చిన కాగితాన్ని గురువుగారే రెండు వేళ్ళతో లాగి విప్పాడు. మెత్తబడ్డ మడతలు. నాలుగు మూలలా నాలుగు చిల్లులు, ఒక చిల్లు చిరిగి మూల వేలాడుతోంది. సెల్లారు మధ్య ఏమీ లేదు. తెల్లటి ఖాళీ.

"మీ అన్న నిజమే చెప్పాడు," అన్నాడాయన.

ఉడుము కళ్ళు తుడుచుకోలేదు, తుడుచుకుంటే తుప్పు అంటుతుంది. "గుమ్మం మూయించండి," అంది గుమాస్తాతో, తనే ముందు గుమ్మం వైపు నడిచింది.

కాపలాదారు గొళ్ళెం పెట్టాడు. ఆమె చెక్కపెట్టె మీదికి వంగింది. మూడు పెన్నులు. వెళ్ళినవాళ్ళు పెన్ను తీసుకుని వెళతారు. ఉన్న పెన్ను లోపల ఉన్నవాడిది. ఒకటి తనది, ఒకటి గురువుగారిది. మిగిలింది పసుపు మూతది. ఆమె దాన్ని వేళ్ళ మధ్య తిప్పి చూసింది. మూత చివర లేదు. పళ్ళ గాట్లు, గాట్ల మీద గాట్లు. చెరకు పిప్పిలా.

వకీలు మాటలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. రెండింటికి వెళ్ళండమ్మా. సర్టిఫైడ్ కాపీ మీరే తీసుకోండి. మిగతాది నేను చూసుకుంటా.

అతను చూసుకుంటూనే ఉన్నాడు. పొద్దున్నించీ, తలుపేసుకుని.

పెన్ను పిడికిట్లో పట్టుకుని తిరిగొచ్చి, పెద్ద పటాల గది తలుపు తట్టింది.

"ఫైలొచ్చిందా?" లోపల్నుంచి గొంతు. వారం రోజులుగా ధైర్యం చెబుతున్న గొంతు.

"వచ్చింది," అంది ఉడుము.

తలుపు తెరుచుకుంది. లావుపాటి కోటులో చెమటలు కక్కుతూ అన్నయ్య తరఫు వకీలు. ఆమె ముఖం చూశాడు, చేతిలో పెన్ను చూశాడు. లాయరు బుర్ర ఎన్ని అబద్ధాలు వెతుక్కుందో ఏమో, నోట్లోంచి మాత్రం నిజమే వచ్చింది.

"మిమ్మల్ని రెండింటికి కదా రమ్మన్నాను!"

"ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు," అన్నాడు వెనకనుంచి గురువుగారు, గుమ్మానికి అడ్డంగా నిలబడి. "ఆ ఈశ్వరుడికి మా ఉడుము సంగతి తెలీదు. కూర్చోండి వకీలుగారూ. కోటు విప్పండి, ఉక్కగా ఉంది."

కోటు అస్తరుకి లోపల ఇంకో సంచి కుట్టి ఉంది. మడిచిన ప్లాను సరిగ్గా పట్టేంత. ఓనరు ఎంతిచ్చాడని గురువుగారు అడిగాడు. వకీలు గోడ గడియారం వైపు చూశాడు. ఎందుకో ఆ చూపు ఉడుముకి నచ్చలేదు.

గుమాస్తా పోలీసులకి ఫోను చేసి వచ్చాడు. "అసలు ప్లాను నేను వదలను. పోలీసులకే అప్పగిస్తాను," అన్నాడు.

"వద్దు. సర్టిఫైడ్ కాపీ ఇవ్వండి చాలు. పంపుహౌసు ఫైల్లో దొరికిందని మీ చేత్తో కింద రాయండి."

"దానికి ఇంకో అప్లికేషన్ కావాలి. సర్టిఫైడ్ కాపీకి పెన్సిలు చెల్లదు. పెన్నుతో రాయాలి, గుమ్మం అవతల."

ఆమె ఇంకా తన అర వైపు తిరగనే లేదు, కళ్ళ ముందుకి నల్లటి లావుపాటి పెన్ను వచ్చింది. బంగారు పట్టీ.

"రాయి," అన్నాడు గురువుగారు ఎటో చూస్తూ. "ఇంకు ఎక్కువ కక్కుతుంది, మెల్లగా పట్టుకో."

కాపీ వచ్చింది. యంత్రం చిల్లుల్ని కూడా వదల్లేదు, నాలుగు మూలలా నాలుగు నల్లచుక్కలు. గుమాస్తా కింద నాలుగు లైన్లు రాసి, సంతకం పెట్టి, ముద్ర మామూలుకంటే గట్టిగా కొట్టాడు.

"అమ్మా, మీ ఫోను పెట్టెలో గిలగిలా కొట్టుకుంటోంది," అన్నాడు కాపలాదారు. "ఇందాకట్నుంచీ అంతే."

తెర నిండా వదినే. ఉడుము ఫోను ఎత్తగానే ఏడుపు మాటల్ని తోసుకొచ్చింది.

"ఎక్కడున్నావే? నాలుగింటికి కాదట, ఒంటిగంటకేనట! బంట్రోతు వచ్చి చెప్పాడు. వకీలు రాకపోతే బెయిలు కొట్టేసి జైలుకి పంపేస్తారట. నేను పొద్దున్నే రాకపోతే అసలు తెలిసేదే కాదు. ఆయన్ని తీసుకొచ్చారు, చేతులకి... ఒంటిగంటకి ఇంకెంతో లేదు. వకీలు ఫోను ఎత్తడం లేదే!"

ఉడుము వెనక్కి తిరిగి చూసింది. పటాల గదిలో, గుమాస్తా కాపలాలో, వకీలు తల దించుకున్నాడు. గడియారం వైపు ఎందుకు చూశాడో ఇప్పుడర్థమైంది. ఆమె రెండింటికి వచ్చి, అబద్ధపు కాగితం పట్టుకుని, నాలుగింటికి వెళ్ళేసరికి అన్నయ్య జైలు బండిలో ఉండేవాడు.

గురువుగారు అప్పటికే మెట్ల దగ్గరున్నాడు. "నా స్కూటరు పాతదే కానీ ఆగదు," అని అరిచాడు. "వకీలు లేకపోతే పోయాడు. నిన్న ప్లాను చూసిన సాక్షిని, నేను చెబుతాను. జడ్జి విననంటే వినేదాకా చెబుతాను."

"వదినా, ఏడవకు. విను," అంది ఉడుము మెట్లు దిగుతూ. "పేరు పిలవగానే నువ్వు లేచి నిలబడు. మా వాళ్ళు దారిలో ఉన్నారు, ఒక్క పది నిమిషాలివ్వండని గట్టిగా అడుగు. కూర్చోమన్నా కూర్చోకు. వస్తున్నాం."

"వస్తున్నాం అంటున్నావు, ఎవరెవరే?"

ఉడుము కాపీని గుండెకి హత్తుకుని స్కూటరెక్కింది.

"నేనూ, మీసాల గురువుగారూ, నాలుగు చిల్లులూ."